నల్లరంగు కింద ఉన్న గేటు

మా అక్క ఎర్లీన్ ఏ తలుపూ ఒక్కసారి వేసి ఊరుకున్న మనిషి కాదు. ఇంటికి తాళం వేసి, కారు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి పిడి పట్టుకుని లాగి చూసేది. ముప్పై ఒక్క ఏళ్ళు బళ్ళో పిల్లలకు వంట చేసింది. అక్కడి పెద్ద ఫ్రీజర్ తలుపును మూడుసార్లు నెట్టి చూస్తే గాని ఇంటికి బయలుదేరేది కాదు. బావ డూయీ బతికున్నన్నాళ్ళూ దీని మీదే ఆటలు పట్టించేవాడు. "మీ అక్క స్వర్గానికి వెళ్ళినా, వెనక గేటు పడిందో లేదోనని తిరిగొచ్చేస్తుందిరా రాయిస్" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది.

కారణం నాకు తెలుసు. మా ఇంట్లో దాన్ని ఎవరూ పైకి అనేవారు కాదు.

అరవై ఆరు అక్టోబరు. అప్పుడు మాకు ముప్పై పాడి ఆవులుండేవి. సాయంత్రం పాలు పిండాక వాటిని పచ్చిక బయల్లోకి తోలి గేటు వెయ్యడం అక్క పని. ఆమెకు పదకొండేళ్ళు. గొలుసు కొక్కేనికి తగిలించాలి. డచెస్ అనే ముసలి ఆవు మూతితో ఆ గొలుసు ఎత్తేసేది. అందుకని దాని మీద తాడుతో ఒక ముడి కూడా వెయ్యాలి. ఆ సాయంత్రం పెద్ద ఉరుము ఉరిమింది. అక్క ఇంటికి పరుగెత్తుకొచ్చింది. రాత్రంతా గాలివాన. తెల్లవారేటప్పటికి పొగమంచులో ఆవులు రోడ్డు మీదున్నాయి. రొట్టెల వ్యాను నడిపే హోలిస్ టార్వర్ గారు మలుపు తిరిగి ఒక ఆవును గుద్ది కల్వర్టులో పడ్డారు. అక్కడికక్కడే పోయారు. కాగితాలు చుట్టిన రొట్టెలు తడి రోడ్డు పొడవునా పడివుండటం నాకు గుర్తుంది. నాకప్పుడు ఏడేళ్ళు.

గేటు వేసిందో లేదో అక్కకు గుర్తు రాలేదు. ఎంత తలుచుకున్నా జ్ఞాపకం ఆ ఉరుము దగ్గరే ఆగిపోయేది. నాన్న ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడాన్నే ఆమె తీర్పుగా తీసుకుంది.

అప్పట్నుంచి ఆమె కొట్లో అమ్మే రొట్టె ముట్టలేదు. ఇంట్లో కాల్చిన మొక్కజొన్న రొట్టె తప్ప మరొకటి నోట పెట్టేది కాదు. పద్నాలుగో ఏట మొదలుపెట్టి, ప్రతి క్రిస్మస్‌కూ టార్వర్ గారి భార్య మేబెల్‌కు స్వయంగా ఒక వెన్న కేకు తీసుకెళ్ళి ఇచ్చేది. ఎందుకని మేబెల్ ఎప్పుడూ అడగలేదు.

పోయిన ఏడాది వేసవిలో మేబెల్ పోయింది. చర్చిలో భోజనాల దగ్గర ఆమె కూతురు జూనీ వచ్చి అక్కను గట్టిగా కావలించుకుంది. "మా నాన్నని అందరూ మర్చిపోయారక్కా, నువ్వు తప్ప. అమ్మ ఎప్పుడూ ఈ మాటే అనేది" అంది.

తిరుగు దారిలో అక్క తనవైపు కారు తలుపు రెండుసార్లు లాగి చూసింది.

"జూనీకి చెప్పేస్తాను రాయిస్" అంది.

"ఏం చెప్తావ్? గేటు వేశావో లేదో నీకే తెలీదు గదా."

"అందుకే ముందు పోలీసుల కాగితం చూడాలి. ఆ రోజు వచ్చినాయన ఏదో రాసుకున్నాడు, నేను చూశా. నేను చంపానో లేదో అందులో ఉంటుంది. ఏది ఉంటే అదే చెప్తా."

కౌంటీ పోలీసు శాఖకు దరఖాస్తు నేనే నింపి పంపాను. తేదీ, చనిపోయినవారి పేరు, ప్రమాదం జరిగిన చోటు. మా పచ్చిక బయలు ఉన్నచోట ఇప్పుడు పరుపుల దుకాణం, పళ్ళ డాక్టరు ఆసుపత్రి ఉన్నాయి. రోడ్డు పేరు లేక్‌క్రెస్ట్ పార్క్‌వే. అదే రాశాను. అటువంటి రికార్డు లేదని అయిదు రోజుల్లో జవాబొచ్చింది.

"చూశావా, నా మీద జాలిపడి చించేశారు" అంది అక్క.

నేను ఫోన్ చేశాను. రికార్డుల విభాగంలో షరోండా అనే ఆవిడ ఎత్తింది. సంగతి విని నవ్వింది.

"అరవై ఆరులో ఆ రోడ్డుకి అంత షోకు పేరెక్కడిది సార్? మా అమ్మమ్మ దాన్ని డెయిరీ రోడ్డు అనేది. ఆ పేరుతో మళ్ళీ పంపండి. అవన్నీ ఫిల్ము రీళ్ళలో ఉంటాయి, నేనే తిప్పి తిప్పి వెతకాలి. కాస్త ఓపిక పట్టండి."

రెండు వారాలకు రెండు పేజీలొచ్చాయి. మొదటి పేజీలో వ్యాను, కల్వర్టు, వాతావరణం. రెండో పేజీ మధ్యలో ఇలా ఉంది: 'ఈ ఇంటి కూతురు, వయసు పదకొండు, గేటు తీసి ఉంచింది తానేనని ఏడుస్తూ చెప్పింది.' పేరున్న చోట నల్లరంగు. ఆ వాక్యం కింద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఏడు వరుసలు నల్లరంగు.

"ఇంకేం కావాలి? రాసే ఉంది" అంది అక్క. కాగితం మడిచి ఏప్రాను జేబులో పెట్టుకుంది.

"కింద ఏముందో చూడొద్దా?"

"చూడలేక వాళ్ళే కప్పేశారు. నేనేం చూస్తాను?"

బతిమాలి, చివరికి కసిరి, మంగళవారం పోలీసు ఆఫీసుకు తీసుకెళ్ళాను. బయలుదేరేముందు ఇంటి తలుపు మూడుసార్లు లాగి చూసింది. కౌంటర్లో అద్దం వెనక షరోండాయే ఉంది, కళ్ళజోడు నెత్తి మీదకు తోసుకుని. కాగితం చూసి పెదవి విరిచింది.

"పిల్లల పేరు ఎక్కడ కనబడినా రంగు పూసెయ్యమని మా కొత్తమ్మాయికి చెప్పాం. పేరుతో ఆగక, కిందదంతా గోడకు సున్నం కొట్టినట్టు కొట్టేసింది. ఈ నలుపు కింద ఉన్న పాప ఎవరో మీకు తెలుసా మేడమ్?"

"నేనే" అంది అక్క.

షరోండా కళ్ళజోడు ముక్కు మీదకు దించుకుని, అరవై తొమ్మిదేళ్ళ ఆ పాపను కాసేపు చూసింది.

"డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్నారా? ఇలా ఇవ్వండి. మీ సంగతి మీ దగ్గరే దాచడమేంటి, విడ్డూరం కాకపోతే!"

పావుగంటలో రంగు లేని కాగితం తెచ్చింది. అక్క దాన్ని ముట్టుకోలేదు.

"నువ్వు చదువు రాయిస్. గట్టిగా వద్దు."

చదివాను. 'గేటు స్వయంగా చూశాను. గొలుసు కొక్కేనికి తగిలించే ఉంది. దాని మీద తాడు, బూటు లేసు కట్టినట్టు రెండు చెవుల ముడితో కట్టి ఉంది. గేటుకు ఉత్తరాన నలభై అడుగుల దూరంలో ఓక్ కొమ్మ విరిగి కంచె మీద పడింది. గిట్టల జాడలు అక్కణ్ణుంచే రోడ్డెక్కాయి. ఈ సంగతి పాపకు రెండుసార్లు చెప్పాను. విన్నట్టు లేదు.'

అక్క కౌంటరు అంచు పట్టుకుంది.

"ఏ ముడి అన్నావు?"

"బూటు లేసు ముడి."

"నాన్న ఎప్పుడూ గట్టి ముడి వేసేవాడు. రెండు చెవుల ముడి నాది. అప్పట్లో నాకదొక్కటే వచ్చు." అద్దం వైపు తిరిగింది. "రెండుసార్లు చెప్పాడట నాతో. నాకసలు గుర్తే లేదమ్మా."

"అయితే మూడోసారి నేను చెప్తున్నా వినండి" అంది షరోండా. "గేటు వేసే ఉంది."

ఇంటికి వస్తూ దారిలో కొట్టు దగ్గర ఆపమంది. తెల్ల రొట్టె ఒకటి, రెండు టమాటాలు కొంది. వంటింట్లో నిలబడే, ముక్కల మీద మాయొనైజ్ రాసి, ఉప్పు చల్లి, టమాటా పెట్టుకుని తింది. రసం మోచేతి దాకా కారింది.

"ఎలా ఉందే?" అన్నాను.

"దూది తిన్నట్టుందిరా. దీనికోసమా ఇన్నేళ్ళూ మొహం వాచింది!" అని రెండోది చేసుకుంది.

ఆ సాయంత్రమే జూనీకి ఫోన్ చేసి అంతా చెప్పింది, ఉరుము నుంచి ముడి దాకా. జూనీ ఏడ్చి, ముక్కు చీది, "అయితే ఇక కేకు మానేస్తావేమిటక్కా?" అని అడిగిందట.

"మీ అమ్మకి భయంతో చేశానే. నీకు ఊరికే చేస్తా."

ఆ క్రిస్మస్‌కు చేసింది కూడా. జూనీ అక్క ఎదురుగానే తుంచుకు తినేసిందట.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అక్క చర్చికి రాలేదు. వెళ్ళి చూస్తే కుర్చీలోనే పోయి ఉంది, ఒళ్ళో అల్లిక. ఎవరైనా ఇంట్లో ఒంటరిగా పోతే వచ్చి చూసే పద్ధతి ప్రకారం కౌంటీ పోలీసు వచ్చాడు. టోపీ చంకలో పెట్టుకుని, ఇల్లంతా చూసి, మర్యాదగా అడిగాడు.

"వెనక తలుపుకి గడియ వేసి లేదండి. ఆవిడ ఎప్పుడూ అంతేనా?"

"ఈ మధ్య అంతే" అన్నాను.

ఆ మాట రాసుకున్నాడు. ఆ కాగితం నకలు నాకు కావాలి. పోయిన వారం దరఖాస్తు పంపాను. రోడ్డు పేరు ఈసారి సరిగ్గానే రాశాను.