తిండి ముట్టని ఆరు గ్రాముల పాము

కరోనా సద్దుమణిగిన ఏడాది, వానలు ఇంకా మొదలవకముందు, నా స్నేహితురాలు హైదరాబాదు నుంచి బస్సులో వచ్చి నార్కట్‌పల్లి చౌరస్తాలో దిగింది. హోటల్ ముందు నిలబడి చాయ్ తాగుతూ, సంచిలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. మూతకు సన్నని రంధ్రాలున్నాయి. లోపల కాగితం ముక్కల మధ్య, బాల్‌పెన్ను కంటే కొంచెం పొడవుగా, ఒక పాముపిల్ల చుట్ట చుట్టుకుని ఉంది. దాని ముక్కు పందిపిల్ల ముట్టెలాగా పైకి లేచి ఉంది.

"హాగ్‌నోస్ అంటరు. దీని జాతి అమెరికాది, గని ఇది పుట్టింది మాత్రం హైదరాబాదులనే. పర్మిషన్ కాగితాలన్నీ ఉన్నయి. ఇంటి ఓనరు చూసి ఖాళీ చెయ్యమన్నడు. నువ్వు జువాలజీ చదివినవు గదా, నువ్వే సాదుకో" అంది.

నేను చదివింది నిజమే. నల్గొండలో ఒక డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో పనిచేస్తున్నాను కూడా. కానీ నాకు తెలిసిన పాములన్నీ గాజుసీసాల్లో మందునీళ్లలో తేలేవే. బతికున్న పామును అంత దగ్గరగా చూడడం అదే మొదలు. అది నాలుక చాపింది. దారప్పోగు కంటే సన్నని నల్లటి నాలుక. నేను చాయ్ సంగతి మరిచిపోయాను.

అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో బాపు, నేను ఇద్దరమే. బాపు ఇప్పటికీ మగ్గం నేస్తాడు. పాము కనబడితే కర్ర వెతికే ఊరు మాది. బాపు మాత్రం డబ్బాలోకి వంగి చాలాసేపు చూసి, "గింతేనా?" అన్నాడు. తర్వాత రంగుపొడులు తూచే చిన్న కాటా తెచ్చి, దాని మీద ఒక ప్లాస్టిక్ గిన్నె పెట్టి, అందులో పామును దింపమన్నాడు. ఆరు గ్రాములు.

"ఆరు గ్రాములల్ల గుండె, కార్జం, పేగులు అన్నీ ఉన్నయా బిడ్డా?"

"అన్నీ ఉన్నయి బాపూ."

ఆయన తల ఊపాడు కానీ, నమ్మినట్టు కనిపించలేదు. నిజానికి, పుస్తకంలో బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్న నాకే ఆ క్షణంలో నమ్మబుద్ధి కాలేదు.

స్నేహితురాలు ఐస్ పెట్టెలో గడ్డకట్టిన చిట్టెలుక కూనలను కూడా ఇచ్చింది. కళ్లు తెరవనివి, వేలి కణుపంత ఉంటాయి. వారానికొకటి గోరువెచ్చటి నీళ్లలో పెట్టి, మెత్తబడ్డాక ఇవ్వాలి. ఎండలు మండుతున్నాయి కాబట్టి డబ్బాను ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మగ్గం గదిలో పెట్టాను. మొదటి కూనను ముందు పెడితే పాము మెడను వెడల్పు చేసి, బుస కొట్టి, నోరు తెరవకుండానే ముక్కుతో ఒక్క పోటు పొడిచి వెనక్కి తగ్గింది. మరుసటి రోజు చూస్తే కూన అలాగే ఉంది. రెండో వారం కూడా అంతే. మూడోసారి పట్టకారుతో పట్టుకుని కదిలిస్తే, పాము ఒక్కసారి మెలికలు తిరిగి వెల్లకిలా పడిపోయింది. నోరు తెరుచుకుంది. నాలుక పక్కకు వేలాడింది. చెడు వాసన వచ్చింది.

మగ్గం ఆపి బాపు లేచి వచ్చాడు. "సచ్చింది బిడ్డా" అన్నాడు మెల్లగా.

నేను పట్టకారు పక్కన పెట్టాను. ఆయనే వేలితో దాన్ని బోర్లా తిప్పాడు. అది వెంటనే మళ్లీ వెల్లకిలా తిరిగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ తిరిగింది. చచ్చిన పాము వెల్లకిలానే ఉండాలని ఎవరో దానికి గట్టిగా చెప్పినట్టు.

బాపు నేల మీద కూర్చుండిపోయాడు. "గిది యాక్టింగ్ జేస్తాంది" అన్నాడు. నవ్వాడు కూడా. తర్వాత నవ్వు ఆపి, "గింత పానానికి గంత భయం ఉన్నదంటే మనమేదో తప్పు జేస్తున్నం" అన్నాడు.

ఆ తప్పును కనిపెట్టింది కూడా ఆయనే. రెండు రోజులు నేస్తూ నేస్తూ డబ్బా వైపు చూశాడట. మగ్గం దెబ్బ పడిన ప్రతిసారీ నేల అదురుతుంది. మనకు అలవాటైపోయి తెలియదు. పాము కడుపంతా నేలకే ఆనించి ఉంటుంది. దెబ్బ పడినప్పుడల్లా అది ముడుచుకుంటోంది. "పొద్దంతా మనింట్ల భూకంపం వస్తున్నట్టుంటది దానికి" అన్నాడు. ఆ రోజే డబ్బాను అవతలి గదిలో గోడ అలమారలోకి మార్చాం. చిన్న మట్టి చిప్పను ఒక పక్క పగలగొట్టి, బోర్లించి, దూరడానికి చోటు చేశాం. నేను దాన్ని చేతిలోకి తీసుకోవడం మానేశాను.

అది బుస కొట్టడం తగ్గింది. కానీ తినలేదు. గుడ్డు సొన పూసి ఇచ్చాను, తినలేదు. చేప నీళ్లలో ముంచి ఇచ్చాను, తినలేదు. కాటా మీద ఆరు కాస్తా అయిదున్నర అయింది, తర్వాత అయిదు. వెన్ను దగ్గర చర్మం వదులై, తోక పక్కన ఎముక గీతలాగా కనబడేది. దాని తోడబుట్టినవి ఇతరుల దగ్గర రెండింతలు అయ్యాయని స్నేహితురాలు ఫోటోలు పంపింది. ఇంకా కొన్నాళ్లు చూసి, సన్నని గొట్టంతో కడుపులోకి ఎక్కించాలని హైదరాబాదులోని పశువుల డాక్టర్ చెప్పాడట. అంత సన్నని గొంతులోకి గొట్టం దించే పనిని నేను వారం వారం వాయిదా వేస్తూ వచ్చాను.

వానలు మొదలైన వారంలో, మా వెనక ఇంట్లో గొర్రెలు సాదే కురుమ అవ్వ దొడ్డి దగ్గర ఒక సంగతి చూశాను. ఆమె మందలో ఒక గొర్రెకు పిల్ల పుట్టి చనిపోయింది. ఇంకో గొర్రె ఈని తానే చనిపోతే దాని పిల్ల మిగిలింది. తల్లి లేని పిల్లను దగ్గరికి తోస్తే పిల్లలేని గొర్రె తలతో కొట్టి తరిమేస్తోంది. అవ్వ తొందరపడలేదు. చనిపోయిన పిల్ల తోలు తీసి, బతికున్న పిల్ల వీపు మీద చిన్న చొక్కాలాగా కట్టింది. గొర్రె వచ్చి ఆ తోలును వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత కాళ్లు ఎడం చేసి నిలబడింది. పిల్ల పొదుగు అందుకుంది.

నేను చెప్పులు బురదలో దిగబడిపోతున్నా అలాగే నిలబడ్డాను.

"కండ్లతోని చూడదా అవ్వా, తన పిల్ల గాదని?"

"కండ్లదేముంది బిడ్డా. దానికి వాసననే పిల్ల. నాలుగు దినాలైతే తోలు ఇప్పేస్త. అప్పటికి దీని పాల వాసననే పిల్లకు ఎక్కుతది."

ఇంటికి వస్తూ దారిలోనే నాకు ఆ ముట్టె గుర్తొచ్చింది. హాగ్‌నోస్ పాము ఆ ముక్కుతో మట్టి తవ్వి గోండ్రు కప్పలను పట్టి తింటుందని చదివాను. ఎలుక దానికి పరాయి వాసన.

ఆదివారం పొద్దున నల్లా దగ్గర బట్టలుతికే రాయి కింద ఒక గోండ్రు కప్ప దొరికింది. చేతులకు గ్లవ్స్ వేసుకుని, వెచ్చబెట్టిన కూనను దాని గరుకు వీపు మీద మెల్లగా రుద్దాను. కప్పను మళ్లీ రాయి కిందే వదిలేశాను. కూనను మట్టిచిప్ప ముందు పెట్టాను. బాపు ఆ రోజు మగ్గం ఎక్కలేదు. ఇద్దరం మూడడుగుల దూరంలో చాప మీద కూర్చున్నాం.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చిప్ప కింద నుంచి ముక్కు బయటికి వచ్చింది. నాలుక ఒకసారి ఆడింది. ఆగింది. తర్వాత ఆగకుండా ఆడడం మొదలుపెట్టింది. ఒళ్లంతా బిగిసింది. అన్ని వారాల్లో ఎన్నడూ చూడని తొందరతో అది ముందుకు వచ్చి, కూనను పక్క నుంచి కరిచి, పట్టు వదలకుండా నోటితో జరుపుకుంటూ జరుపుకుంటూ తల వైపుకు తెచ్చుకుంది. తన తల కంటే పెద్దదాన్ని, దవడలు ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టుగా, లోపలికి తీసుకుంది. గొంతు కింద ఒక ఉబ్బు నెమ్మదిగా వెనక్కి జారింది.

బాపు గుసగుసగా అడిగాడు. "దీని తల్లి గోండ్రు కప్పను చూసిందా?"

"లేదు బాపూ. తల్లి సుత డబ్బాలనే పుట్టింది."

"దాని తల్లి?"

"అది సుత గంతే కావచ్చు."

"మరి దీనికి ఎవలు జెప్పిండ్రు?"

నా దగ్గర చదువు ఉంది, మాటలున్నాయి. జన్యువులని, సహజ ప్రవృత్తి అని చెప్పొచ్చు. కానీ సముద్రాల అవతలి ఇసుక నేలల్లో ఎప్పుడో తిరిగిన పాముల ఆకలి, ఏ నేలనూ చూడని ఈ అయిదు గ్రాముల ఒంట్లో చెరగకుండా ఉంది. మా నల్లా కింది కప్ప వాసనను అది తన సొంత వాసనలా గుర్తుపట్టింది. దాని ముందు నా మాటలు చాలా చిన్నవనిపించాయి. కళ్లు తుడుచుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

తర్వాతి వారం కూడా అలాగే ఇచ్చాను. నాలుగోసారికి కూన తల వరకే రుద్దాను, ఆరోసారికి ముక్కు వరకే. తొమ్మిదోసారి ఏ వాసనా లేకుండా పెడితే కొంచెం సేపు ఆలోచించి తినేసింది. అప్పటికి పది గ్రాములు దాటింది.

కుబుసం విడిచిన రోజు, నేను కాలేజీ నుంచి వచ్చేసరికి బాపు ఆ కుబుసాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుని ఉన్నాడు. ఎక్కడా చిరగలేదు. కళ్ల మీది పొర కూడా రెండు చిన్న గాజుబిళ్లల్లా ఊడి వచ్చింది. ఒక్కొక్క పొలుసు మధ్య సన్నని గీత. నేతలో ఒక్క పోగు తప్పినా దూరం నుంచే పట్టే మనిషి, అద్దాలు పెట్టుకుని తల నుంచి తోక దాకా వెతికాడు. ఒక్క తప్పూ దొరకలేదు. కాగితంలో చుట్టి పంచాంగం పక్కన దాచుకున్నాడు.

అది తన తోడబుట్టినవాటిని ఎన్నడూ అందుకోలేదు. అవి ఏడాదిలో ఎదిగినంత ఎదగడానికి దీనికి రెండేళ్లకు పైగా పట్టింది. మొదటి చలికాలంలో మళ్లీ తినడం మానేసినప్పుడు నాకు ప్రాణం పోయినంత పనైంది. రోజుకు రెండుసార్లు తూచాను. బరువు తగ్గలేదు. మాది మగది, ఆ కాలంలో మగపాములు అలా ఉండడం మామూలేనని తర్వాత తెలిసింది. మాఘం దాటాక ఒక మధ్యాహ్నం దానంతట అదే చిప్ప కింద నుంచి బయటికి వచ్చి, డబ్బా గోడకు ముక్కు ఆనించి తిండి కోసం వెతికింది.

పోయిన ఏడాది స్నేహితురాలికి సొంత ఫ్లాట్ వచ్చింది. పామును తీసుకుపోదామని వచ్చి, అది తినడం చూస్తూ పక్కన కూర్చుంది. డబ్బా బదులు మేం పెట్టిన గాజుతొట్టి ఇసుకలో అది ముక్కుతో తవ్వుకుంటూ లోపలికి పోయి, అవతలి పక్క తల మాత్రం పైకి తేల్చి మమ్మల్ని చూసింది. "ఈడనే మంచిగున్నది. ఉండనీ. కాగితాలు నీ పేరు మీద మార్పిద్దాం" అంది. నేను వద్దనలేదు. బాపు లోపలి నుంచి ఆమెకు చాయ్ పట్టుకొచ్చాడు.