ఆల్బనీలో నల్ల నువ్వుల పాలకూర

నా భార్య పద్మజ గత చలికాలంలో పోయింది. అప్పటి నుంచి పిల్లలు నూడుల్స్, టోస్టు తప్ప ఏమీ ముట్టడం లేదు. పదేళ్ల నిహాల్ బతిమాలితే రెండు ముద్దలు మింగుతాడు. ఆరేళ్ల చిన్మయి అదీ మింగదు. నేనేం వండినా వాళ్లకు అమ్మ వంటే గుర్తొస్తుంది. ఆమె ఎప్పుడూ చేయని కూర ఏదైనా వాళ్ల చేతులతో వాళ్లే చేసుకుంటే తింటారేమోనని ఆశపడ్డాను. మా ఊరికి ఉత్తరపు కొసన ఉన్న ఆల్బనీలో పిల్లలకు జపనీస్ వంట నేర్పుతున్నారని తెలియగానే పేర్లు రాయించాను.

శనివారం ఉదయం న్యూ లిన్‌లో రైలెక్కాం. సిటీలో దిగి, బస్సుల కోసమే వేసిన నార్తర్న్ బస్‌వే మీద వెళ్లే బస్సు పట్టుకుని ఆల్బనీ చేరేసరికి పది దాటింది. రైలుకూ బస్సుకూ ఒకే హాప్ కార్డు చాలు. బస్సు హార్బర్ బ్రిడ్జి ఎక్కగానే చిన్మయి కిటికీకి ముక్కు ఆనించి, "నాన్నా, లుక్, ఎన్ని బోట్సో!" అంది. తనంతట తాను నోరు విప్పి ఎన్నాళ్లయిందో. నాకు ప్రాణం లేచొచ్చింది.

క్లాసు ఒక కమ్యూనిటీ హాలు వంటగదిలో. ముగ్గురికీ కలిపి నలభై డాలర్లు. నేర్పే జపనీస్ ఆవిడను పిల్లలంతా మిచికో ఆంటీ అంటున్నారు. ఆ రోజు చేసేది గోమాయె. పాలకూరను ఉడికించి, చన్నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, నూరిన నువ్వులు, సోయా సాస్, కాస్త చక్కెర కలిపితే అయిపోతుంది. నిహాల్ పాలకూర పిండుతున్నాడు. ఆంటీ చిన్మయి ముందు లోపల గీతలున్న మట్టి గిన్నె పెట్టి, వేయించిన నల్ల నువ్వులు పోసి, చేతికి చిన్న కర్ర రోకలి ఇవ్వబోయింది.

చిన్మయి అందుకోలేదు. "నాన్నా, ఇవి అమ్మవి," అంది.

కర్మ రోజున సముద్రం ఒడ్డున నేను నువ్వులూ నీళ్లూ వదులుతుంటే పక్కనే నిలబడి, ఎవరికని అడిగింది. అమ్మకని చెప్పాను. నువ్వుల గురించి దానికి తెలిసింది అంతే.

"ఇవి మనం తినేవేరా తల్లీ," అన్నాను.

"నో! మనం తినేస్తే అమ్మకి ఏముంటుంది?"

నిహాల్ తల ఎత్తకుండానే, "షి కాంట్ ఈట్, చిన్నూ. షి ఈజ్ డెడ్," అన్నాడు.

చిన్మయి గిన్నెను రెండు చేతులతో కప్పేసి వెక్కివెక్కి ఏడ్చింది. ఆంటీకి సంగతి చెప్పాను. ఆవిడ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "నువ్వులు లేకుండా కూడా చేయొచ్చు," అని మెల్లగా అంది. చిన్మయి వినే స్థితిలో లేదు. కాసేపటికి నిహాల్ కూడా చేతులు కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ వేర్వేరు సీట్లలో కూర్చున్నారు. ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక నేను నిలబడే వచ్చాను. వంట నేర్పిస్తే తింటారనుకున్నాను. కానీ ఒకరు అమ్మ ఇంకా ఎక్కడో ఆకలితో ఉందనుకుంటున్నారు, మరొకరు అమ్మ ఇక లేదన్న బాధను ఒంటరిగా మోస్తున్నారు. వాళ్లిద్దరికీ పనికొచ్చే మాట నా దగ్గర ఒక్కటీ లేదు. ఇది రాసే సమయానికి కూడా దొరకలేదు.

పిల్లలతో ఇలాంటి క్లాసుకు వెళ్లేవాళ్లు పేర్లు రాయించేటప్పుడే ఆ రోజు వంటలో ఏమేం వేస్తారో అడగండి. ఏదైనా వద్దని ముందే చెబితే మార్చి చేయిస్తారు.