మామిడిపండుకు థర్మామీటరు

యేసుకుమార్ మాస్టారి ముందు ‘వేడి’ అన్న మాట ఎత్తకూడదు. రాజకీయాలు మాట్లాడుకోవచ్చు, ఆయన పెన్షనెంతో అడగొచ్చు, ఆయన బట్టతల మీద జోకులేయొచ్చు. ఏమీ అనుకోరు. ‘అబ్బ, ఎంత వేడి!’ అన్నామా, ఆ పూటకి మన పని అయిపోయినట్టే. బెజవాడలో, అందునా మే నెలలో, ఈ ఒక్క మాట అనకుండా మనిషన్నవాడు ఎలా బతకాలో మీరే చెప్పండి. అది మా కష్టమని ఆయనకు తోచదు. మా అజ్ఞానమని తోస్తుంది.

ఆయన ఒక కాలేజీలో ఏళ్ళ తరబడి ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. కాలేజీవాళ్ళు శాలువా కప్పి సాగనంపి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆయన నేరుగా పటమటలోని మా అపార్ట్‌మెంటుకొచ్చి మాకు ఊపిరాడకుండా చేశారు. ఆ అపార్ట్‌మెంటుకు నేను సెక్రటరీని. లిఫ్టు ఆగితే తిట్లు తినడం నా బాధ్యత. ఇది గౌరవ హోదా కాబట్టి జీతం ఉండదు.

ఆయన వచ్చిన కొత్తలో తెలియక ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చాను.

“వేడిగా ఉంది మాస్టారూ, చూసుకుని తాగండి.”

“కాఫీలో వేడి ఉండదోయ్ కిరీటీ. ఉండేది ఉష్ణోగ్రత. వేడి అంటే ప్రయాణం. ఉష్ణోగ్రత ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పోయే శక్తి. కాఫీలోంచి నీ నాలిక్కి పోతోందే, అదీ వేడి.”

“మరి నాలిక కాలితే అండీ?”

“ప్రయాణం క్షేమంగా జరిగిందన్నమాట.”

ఆ ప్రయాణ విశేషాలన్నీ ఆయన చెప్పి ముగించేసరికి రెండు కప్పులూ చల్లారిపోయాయి. “చూశావా, కాఫీకీ గదికీ ఉష్ణోగ్రత ఒకటైపోయింది. ఇక ప్రయాణం లేదు” అని ఎంతో సంతోషంగా చెప్పి, ఇంకో కాఫీ అడిగారు.

చర్చిలో కూడా ఇదే వరస. ఒక ఆదివారం పాస్టరుగారు నరకాగ్ని గురించి గుండెలదిరేలా ప్రసంగించారు. అందరూ వణికిపోతుంటే మాస్టారు బయట ఆయన్ని ఆపి, “అయ్యగారూ, నరకమంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే కాసేపటికి పాపి కూడా ఆ ఉష్ణోగ్రతకే వస్తాడు కదండీ? ఇక వాడిలోకి వేడి ఎలా పోతుంది?” అని అడిగారు. పాస్టరుగారు చాలా ఓర్పు గల మనిషి. “మీరు వెళ్ళేటప్పుడు థర్మామీటరు పట్టుకెళ్ళండి మాస్టారూ” అన్నారు. ఆ తర్వాత చాలాకాలం ఆయన పరలోకం గురించే ప్రసంగించారు.

మా ఆవిడ భానుశ్రీతో జరిగింది ఇంకో యుద్ధం. మామిడిపండు వేడి చేస్తుందనీ మజ్జిగ చలవ చేస్తుందనీ మనకు పాలతోపాటే తాగిస్తారు. అందులో అనుమానం ఉన్న తెలుగువాణ్ణి నేను మాస్టార్ని తప్ప ఇంకొకర్ని చూడలేదు. భానుశ్రీ మెడ మీద సెగగడ్డ లేచింది. “బంగినపల్లి పళ్ళు తెగ తిన్నానండీ, వేడి చేసింది” అని ఆయనతోనే అంది.

ఆయన జేబులోంచి పొడుగాటి థర్మామీటరు తీసి, బకెట్లో నానుతున్న పండుకి గుచ్చారు.

“పండు ఇరవై తొమ్మిది. నీ ఒళ్ళు ముప్ఫై ఏడు. వేడి ఎటు నుంచి ఎటు పోవాలమ్మా? నీలోంచి పండులోకి. అంటే ఎవరికి ఎవరు వేడి చేసినట్టు?”

“అయితే సెగగడ్డ పండుకి లేవాలి కదా మాస్టారూ?”

అది ఫిజిక్సు పరిధిలోకి రాదన్నారు. గుచ్చిన పండు మాత్రం తినేసి వెళ్ళారు.

ఇవన్నీ భరించాం. భరించలేనిది మధ్యాహ్నం రెండు గంటల సర్వే. ఎండలు ముదరగానే ఆయన థర్మామీటరు పట్టుకుని పై అంతస్తు నుంచి మొదలుపెట్టి ప్రతి ఫ్లాటు బెల్లూ నొక్కేవారు. “గది ఉష్ణోగ్రత తీసుకోవాలి” అని లోపలికి వచ్చి, ఫ్యాను కింద నిలబడి, తల ఊపి వెళ్ళిపోయేవారు. గవర్నర్‌పేటలో హోల్‌సేల్ కొట్టున్న రత్తయ్యగారు ఓ కునుకు తీయడానికే ఆ ట్రాఫిక్‌లో పడి ఇంటికొస్తారు. అసోసియేషన్ మీటింగులో ఆయన బల్ల గుద్దారు.

“ఫోను తీస్తే ఉష్ణోగ్రత కనిపిస్తోంది కదండీ! నా బెడ్రూంలోది ఈయనకెందుకు? సర్వే ఆపాల్సిందే.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంగతి మాస్టారికి చెప్పే భాగ్యం సెక్రటరీకి దక్కింది.

మీటింగుకు రానిది అమలమ్మగారొక్కరే. చివరి అంతస్తులో, స్లాబు కిందే ఆవిడ ఫ్లాటు. హిందీ పండితురాలిగా చేసి రిటైరయ్యారు, పెళ్ళి చేసుకోలేదు, ఒకరి మాట వినే అలవాటు చేసుకోలేదు. కిందటి మేలో వడదెబ్బ తగిలి పడిపోతే ఆసుపత్రిలో చచ్చి బతికారు. నీళ్ళు బాగా తాగమన్నాడు డాక్టరు. ఈ మోకాళ్ళతో మాటిమాటికీ బాత్రూంకి ఎవరు లేస్తారని ఆవిడ తాగరు. “నీళ్ళు తాగుతున్నారా అమ్మా?” అని పరామర్శకు వెళ్ళినవాళ్ళని, “నేనేమన్నా చంటిపిల్లనా?” అని గుమ్మంలోంచే తరిమేస్తారు. ఈ వేసవి ఆవిడ గట్టెక్కుతారా అని మాకందరికీ బెంగే. రోజూ సాయంత్రం చల్లబడ్డాక కింద కుర్చీలేసుకుని మరీ బెంగపడేవాళ్ళం.

మర్నాడు రెండింటికి మాస్టార్ని పట్టుకుందామని పై అంతస్తుకి వెళ్ళాను. అమలమ్మగారి తలుపు బార్లా తీసి ఉంది. మాస్టారు కుర్చీలో వాలిపోయి ఉన్నారు. థర్మామీటరు జేబులోంచి బయటికి కూడా రాలేదు.

“అమలమ్మగారూ, నాకు బాగా వేడి చేసిందండీ” అన్నారు.

నేను గుమ్మం పక్కనే నక్కి చూశాను.

“చెయ్యదా మరి? మిట్టమధ్యాహ్నం ఆ తిరుగుడేంటండీ? ఉండండి, మజ్జిగ తెస్తా.”

“ఒక్కణ్ణే తాగనండీ. మీరూ తాగితేనే.”

“రోజూ ఇదో పేచీ మీతో!” అని ఆవిడ రెండు పెద్ద గ్లాసులు తెచ్చారు. ఆవిడ తాగుతున్నంతసేపూ మాస్టారి చూపు ఆవిడ గ్లాసు మీదే ఉంది. అది ఖాళీ అయ్యాకే ఆయన లేచారు.

మెట్ల మీద ఆయన్ని నిలదీశాను.

“వేడి ఎలా చేస్తుంది మాస్టారూ? అది ప్రయాణం కదా?”

“మెల్లిగా మాట్లాడవయ్యా!” అని లోగొంతుకతో కసిరారు. “చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. మన కృష్ణ ఒడ్డున గాల్లోనే అంత తేమ ఉంటే అదెక్కడ ఆరుతుంది? పైగా ఆవిడ నీళ్ళే తాగకపోతే ఆ కాస్త చెమటైనా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒంట్లో ఉష్ణోగ్రత పెరిగిపోతుంది, ఈసారి మనిషి దక్కదు. ఇదంతా వివరంగా చెబితే నా మొహాన తలుపేసింది. వేడి చేసిందంటే మజ్జిగ చిలికింది. నన్నేం చెయ్యమంటావు?”

“మరి మా అందరి కొంపల మీద పడ్డం ఎందుకండీ? ఆవిడ దగ్గరికే వెళ్ళొచ్చుగా?”

“అప్పుడు ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉన్నానని తెలిసిపోదూ? మర్నాడే గెంటేస్తుంది. సర్వే అంటే సర్వేలా ఉండాలి.”

అంటే ఒక ముసలావిడ గొంతులో ఒక్క గ్లాసు మజ్జిగ దిగడానికి అపార్ట్‌మెంటంతా నిద్ర చెడగొట్టుకుంటోందన్నమాట. నాకు ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. కిందికి వెళ్ళాక రత్తయ్యగారు “చెప్పావా?” అని అడిగితే, “చెప్పానండీ, వర్షాలు పడ్డాక మానేస్తారట” అన్నాను. ఆయన నన్ను చూసిన చూపులో నా సెక్రటరీ పదవి భవిష్యత్తు కనిపించింది.

ఆ వారంలోనే మాస్టారు మేనల్లుడి పెళ్ళికి కంకిపాడు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ థర్మామీటరు నా చేతిలో పెట్టారు. నేను ‘నాకు వేడి చేసింది’ అన్న అబద్ధం బాగా వల్లె వేసుకుని అమలమ్మగారి బెల్లు నొక్కాను. నన్ను చూడగానే ఆవిడ మొహం వాడిపోయింది.

“మాస్టారు రాలేదేం?”

“పెళ్ళికెళ్ళారమ్మా.”

“అయ్యో, అక్కడ ఎవరు చూస్తారు ఆయన్ని?” అని ఆవిడ కూలబడ్డారు. “భార్య పోయిన దగ్గర్నుంచీ ఆ మనిషికి మంచినీళ్ళు తాగాలన్న ధ్యాస కూడా లేదు బాబూ. ఈ ఎండల్లో ఎక్కడ పడిపోతారోనని పొద్దున్నే మజ్జిగ చిలికి పెడుతున్నా. ఒక్కరే తాగరట, అదో పిచ్చి! ఆయన కోసం నేనూ తాగి చస్తున్నా. ఈ మోకాళ్ళేసుకుని బాత్రూం చుట్టూ తిరుగుతున్నా. ఈ మాట ఆయనతో అనకేం. తెలిసిందంటే అభిమానపడి రావడం మానేస్తారు.”

నేను అననని మాటిచ్చాను. ఆవిడ నాకో గ్లాసు ఇచ్చారు. మొండికేసి ఆవిడ చేతా ఒకటి తాగించాను. బయటికొచ్చానో లేదో ఫోను. కంకిపాడు నుంచి మాస్టారు. వెనక బ్యాండు మేళం హోరెత్తిపోతోంది.

“తాగిందా?” అని అరిచారు.

“తాగారండీ. నేను ఇంటికి పోతున్నా.”

“మిగతా ఇళ్ళో?”

“పని అయిపోయింది కదండీ, మళ్ళీ వాళ్ళెందుకు?”

“బుద్ధుందా నీకు? పైన కూర్చుని ఆవిడ వింటూ ఉంటుందయ్యా, కింద బెల్లులు మోగుతున్నాయో లేదో! వెళ్ళు, ఒక్కటీ వదలకు.”

వెళ్ళాను. రత్తయ్యగారు తలుపు తీసి, నన్నూ థర్మామీటర్నీ చూసి తలుపు మూసేశారు. ఒక్కో అంతస్తూ దిగుతూ అందర్నీ లేపాను. ఎందుకని అడిగిన వాళ్ళకి జవాబు చెప్పే వీలు లేదు. ఆయన గుట్టు ఆవిడకీ ఆవిడ గుట్టు ఆయనకీ తెలియకూడదు. ఆఖరికి మా ఇంటి బెల్లూ నొక్కాను. నిద్రకళ్ళతో వచ్చిన భానుశ్రీ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, “మీకూ పట్టిందా?” అని నా మొహాన తలుపేసింది.

నేను మళ్ళీ నొక్కాను, ఈసారి పైదాకా వినిపించేలా.