జుల్మా ఓటు

మా గనుల వీధిలో జుల్మా అంటే హడలని మగాడు లేడు. పన్నెండో ఏట నుంచి గని ఒడ్డున బొగ్గులో రాళ్లు ఏరిన మనిషి. మాట కూడా రాయే, తగిలితే బొప్పి కట్టాల్సిందే. పక్కింటిదాన్ని కదా, నాకు తెలియదూ!

1908 మేలో మా ఎనో ప్రాంతానికి పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. మా బెల్జియంలో ప్రతిసారీ సగం దేశానికే ఓట్లు, మిగతా సగానికి రెండేళ్ల తర్వాత. అందుకే బ్రస్సెల్స్ నుంచి వచ్చిన జుల్మా తమ్ముణ్ణి ఆమె మొగుడు ఒదిలోన్ ఊరికే వదల్లేదు. "మీ వంతు ఇంకా రెండేళ్లకి! ఈసారి నువ్వు చూస్తూ కూర్చో, బామ్మర్దీ!"

పైగా ఒదిలోన్‌కి ముప్ఫై అయిదు నిండాయి. పెళ్లయి ఇంటిపన్ను కట్టేవాళ్లకి ఆ వయసులో రెండో ఓటు వస్తుంది.

"పెళ్లాం ఉందనేగా ఇచ్చారు? అయితే ఆ రెండోది నాది," అంది జుల్మా. ఆడవాళ్లకు ఓటు ఎక్కడిది!

"నీదేలేవే తల్లీ!"

కిందటిసారి మా వాళ్ల ఓటు చీటీలు బోలెడు చెల్లలేదు. బొగ్గు వేలిముద్ర పడితే ఎవరి ఓటో తెలిసేలా గుర్తు పెట్టారంటూ పక్కన పారేస్తారు. అందుకని ఆదివారం పొద్దున్నే జుల్మా మొగుడి చేతుల్ని నల్లసబ్బు, ఇసుక పెట్టి తోమింది. అతని కేకలకి వీధంతా లేచింది.

"చర్మం ఊడొస్తోందే!"

"ఊడనీ. నా ఓటు కంటే నీ చర్మం ఎక్కువా?"

రెండు చేతులూ పైకెత్తుకుని ఒదిలోన్ ఓట్లు వేసే బడి దాకా నడిచాడు. స్నేహితుడు పొగాకు ఇస్తే వద్దన్నాడు. చెయ్యి కలపబోయిన మేస్త్రీకి మోచెయ్యి చాపాడు. మేమంతా నవ్వుతూ వెంట నడిచాం.

లోపలికి వెళ్లినవాడు ఎంతకీ రాడు. "అత్తగారికి ఉత్తరం రాస్తున్నావా?" అని అధికారి అరవడం గేటు దాకా వినిపించింది.

చివరికి వచ్చాడు. కుడిచేతి వేళ్లు మసి. జుల్మా మొహం పాలిపోయింది.

"ఏమయ్యో, ఏంటిది?"

"లోపల ఓటు వేసే పెన్సిల్ని పొద్దుట్నుంచీ గనివాళ్లంతా పట్టుకున్నారే! నిండా బొగ్గే."

"అయితే నా ఓటు?"

"ముందు నీదే వేశా. కుడిచెయ్యి తగలకుండా, ఎడంచేత్తోనే మడిచా. మచ్చ ఉంటే ఒట్టు. నాది మడిచేలోపు ఆ అధికారి అరిచాడు, కంగార్లో ఈ చెయ్యి దానిమీద పడింది."

జుల్మా అందరి ముందూ ఆ నల్లచేతిని పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు.