కుడిచేతి గోళ్లు

రోజూ తెల్లారగానే, ముఖమైనా కడుక్కోకముందే, ఆయన కుడిచేతి గోళ్లు తీసుకునేవాడు. కుడిచేతివి మాత్రమే. గరుకు రాయి మీద అంచులు అరగదీసి, బుగ్గకు ఆనించి చూసుకునేవాడు.

"ఎడమచెయ్యి ఏం పాపం చేసిందో!" అని భార్య వేళాకోళమాడేది.

"పుణ్యం చేసుకోలేదే అది. ఆవు కడుపులో దూడ దగ్గరికి వెళ్లే భాగ్యం కుడిచేతిది."

ఆ భాగ్యమూ పోయి పదకొండు నెలలైంది; గోళ్లు తీసుకోవడం మాత్రం మానలేదు. పశువుల ఆసుపత్రి గోడకు కాగితం అంటించారు: పట్టా లేనివారు పశువుకు వైద్యం చేయరాదు. ముప్పయ్యేళ్లుగా అక్కడ సహాయకుడైన ఆయనకు ఆనాటి నుంచి నీళ్లూ సబ్బూ అందించడమే పని. జనం నోటికి అడ్డేముంది? ‘బకెట్టు బాబాయి’ అని పేరు పెట్టేశారు.

ఆయన తాత గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. పట్టా వైద్యులు లేని రోజులవి. గుర్రం కుంటినా, దగ్గినా నాడాల తాతే దిక్కు. తర్వాత చదువుకున్న వైద్యులు వచ్చారు; తండ్రి వాళ్లకు మందులు కలిపిపెట్టాడు.

"తాత డాక్టరు, నాన్న కాంపౌండరు, నేను బకెట్టు. మా వంశం మెట్లు దిగుతూ వచ్చింది," అని గొణుక్కునేవాడు. చదువు మీద ఆయనకు కోపం లేదు. తాత వైద్యంలో సగం, ఆ వాతలూ అవీ, వట్టి హింసేనని ఆయనే ఒప్పుకునేవాడు. మిగతా సగం తనతోనే మట్టిలో కలిసిపోతుందేమోనన్నదే లోపలి ముల్లు. ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్న డాక్టర్లు ఆరుగురు. "మీరు చెప్పినవన్నీ తప్పకుండా రాసిపెడతాం బాబాయ్" అన్నారు, బదిలీ మీద పోయారు.

ఆ ఉదయం పాలు పోసే అవ్వ ఆవును తోలుకొచ్చింది. అది ఎంతకీ ఈనలేకపోతోంది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికింది.

"ఒక కాలు వెనక్కి మడతపడింది బాబాయ్. గిట్టల మధ్య గిల్లినా దూడ కదలట్లేదు. పోయినట్టుంది. ముక్కలు చేసి తియ్యాలేమో."

అవ్వ ఆవు మెడ కావలించుకుంది. ఆయన బకెట్టు కింద పెట్టి ముందుకొచ్చాడు.

"అలిసిపోయిన దూడ కాలు లాక్కోదమ్మా. నోట్లో వేలు పెట్టి చూడండి."

"నోట్లోనా?"

"నాలిక మీద. దేవుణ్ణి తలుచుకుని కాసేపు ఉంచండి."

ఉంచింది. అంతలోనే కళ్లు పెద్దవయ్యాయి. "చీకుతోంది బాబాయ్! నా వేలు చీకుతోంది!"

"బతికున్నదానికి ఆకలెయ్యదేంటి మరి? ఇక లాగకండి, ముందు లోపలికి నెట్టండి. ఆ గిట్టని గుప్పిట్లో దాచుకుని తిప్పండి, గర్భసంచి చిరగకుండా."

ఆయన చెప్పినట్టల్లా చేసింది. చివరికి తడి తడిగా దూడ జారి గడ్డి మీద పడి తుమ్మింది. అవ్వ తువ్వాలు తీసి డాక్టరమ్మ చెయ్యి తుడిచింది. తర్వాత, తడవనైనా తడవని ఆయన కుడిచెయ్యి కూడా పట్టుకుని తుడిచింది.

డాక్టరమ్మ రిజిస్టరు తెరిచింది. ‘వైద్యం చేసినవారు’ అన్నచోట కలం ఆగింది. "మీ పేరు రాయడానికి లేదు బాబాయ్..."

"ఎన్ని పేర్లు చూడలేదమ్మా ఆ పుస్తకంలో! నా పేరొద్దు. ఆ వేలి సంగతి రాయండి. దూడ పోయిందని కత్తి పట్టేముందు నోట్లో వేలు పెట్టి చూడాలని, వచ్చేవాళ్లకి అర్థమయ్యేలా ఒక్క ముక్క. ఇంటికెళ్లి రాస్తాననకండమ్మా, నా ముందే రాయండి."