ఐదింటి కౌంటరు

పరపతి సంఘం కౌంటరు తలుపు కిర్రుమంటే తప్ప సూర్యుడు దుప్పటి తీసేవాడు కాదని ఆ వీధివాళ్ళు ఒట్టేసి చెబుతారు. నమ్మనివాళ్ళంతా బారెడు పొద్దెక్కేదాకా పడుకునే బాపతు. ఇరవై రెండేళ్ళుగా ఐదింటక్క తెల్లవారుజామున ఐదుకే ఆ కౌంటరులో కూర్చుంటుంది. మార్కెట్లో మూటలు మోసేవాళ్ళు, కూరలమ్మేవాళ్ళు ఆమె దగ్గర పొద్దున అప్పు తీసుకుని సాయంత్రం కట్టేస్తారు.

ఎదురుగా చల్లగాలి బ్యాంకు వెలిశాక నెలజీతాలవాళ్ళు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. వడ్డీలో దానికి దీటుగా నిలవాలంటే ఖర్చు తగ్గాలి. సంఘం కొత్త మేనేజరు కన్ను ఐదింటి కౌంటరు మీద పడింది.

"అక్కా, రేపు నేనే వచ్చి చూస్తా. నలభైమంది రాకపోతే మూసేద్దాం. సేవ చేయాలన్నా ముందు సంఘం బతకాలిగా?"

రోజూ వచ్చేది పాతికమందే. అక్క ఆ సాయంత్రమే మూటల బాబాయిని పిలిచి, "రేపు ఇంకో పదిహేనుమందిని వెంటేసుకురా" అంది.

బాబాయికి పదిహేనొక లెక్కా! బావమరుదుల్నీ, వాళ్ళ తోడల్లుళ్ళనీ నిద్రమొహాలతోనే లాక్కొచ్చి రెండొందలమందిని వరుసలో నిలబెట్టాడు. మేనేజరు నోరెళ్ళబెట్టాడు. అక్క మురిసిపోయింది. ఆ మురిపెం పావుగంటే.

వాకింగుకొచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు ఆ వరుసను చూశాడు. సంఘం ముందు, ఇంత పొద్దున్నే, ఇంతమందా? "సంఘం మునిగిందిరోయ్!" అని ఒకటే కేక. ఆరయ్యేసరికి పాస్‌బుక్కులు ఊపుకుంటూ యాభైమంది కౌంటరు మీద పడ్డారు.

"సార్, వీళ్ళంతా నేను పిలిస్తే వచ్చారండీ. తలలు లెక్కపెట్టించడానికి."

"నలభయ్యేళ్ళు పిల్లల అబద్ధాలు విన్నానమ్మా. నా డబ్బు ఇలా పడెయ్."

మేనేజరు అక్క చెవిలో గొణిగాడు. "మూసెయ్యక్కా!"

"మూస్తే నిజంగానే మునిగామంటారు బాబూ."

"తెరిచుంచితే అరగంటలో సొరుగు ఖాళీ!"

సొరుగులో ఉన్నది పట్టుమని పాతికమందికి రాదు. డబ్బు బీరువా తెరవాలంటే కావలసిన రెండో తాళంచెవి ఉన్న సంఘం అధ్యక్షుడు తొమ్మిదికి గానీ రాడు.

బాబాయి ముందుకొచ్చాడు. "అమ్మాయ్, మావాళ్ళకి తర్వాత చూద్దువుగాని. ముందు వీళ్ళకిచ్చెయ్."

"మరి మా బుట్టలు?" అందో కూరలావిడ.

"కౌంటరే పోతే రోజూ ఖాళీ బుట్టలే. నోర్మూసుకో!"

అక్క హెడ్మాస్టరు డబ్బు మొత్తం లెక్కపెట్టి ఇచ్చింది. ఆయన గెలిచినట్టు వెనక్కి తిరిగాడు. రెండొందల జతల కళ్ళు ఆ కట్ట మీదే ఉన్నాయి. వాకింగు నిక్కరుకు జేబు కూడా లేదు. పరుగున రోడ్డు దాటితే బ్యాంకు షట్టరు కిందికే ఉంది, పదిదాకా లేవదు. ఆయన కట్టను పొట్టకి హత్తుకుని నడివీధిలో నిలబడ్డాడు, చలిలోనూ చెమటలే.

బాబాయికి జాలేసింది. "సార్, ఇంటిదాకా మా కుర్రాళ్ళని నలుగుర్ని తోడు పంపమంటారా?"

ఆ మాటతో హెడ్మాస్టరు కౌంటరు దగ్గరికి ఒక్క గెంతు గెంతాడు. "అమ్మా... పదిదాకా ఇది ఎక్కడైనా దాచుకునే వీలుందా?"

"ఈ వేళప్పుడు తెరిచుండేది ఇదొక్కటేనండీ."

ఆయన తిరిగి కట్టడం చూసి వెనకవాళ్ళ పాస్‌బుక్కులు మెల్లగా చంకల్లోకి వెళ్ళిపోయాయి.

మేనేజరు మొహం తుడుచుకున్నాడు. "ఈ వాకింగువాళ్ళ డిపాజిట్లు కూడా ఈ వేళప్పుడే కట్టించుకుంటే కౌంటరు ఖర్చు గిట్టుతుందేమో. ఆరునెలలు చూద్దాం. కానీ అక్కా, ఇంకోసారి జనాన్ని పిలిచావో, కౌంటరు సంగతి తర్వాత, ముందు నిన్ను ఇంటికి పంపిస్తా!"

అక్క సొరుగు ముందుకు లాగింది. అప్పటికే మార్కెట్టు సగమైపోయింది. మొదటి బుట్టావిడ చెయ్యి చాచింది. అక్క నోట్లు లెక్కపెడుతూ మధ్యలో తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.