రాగి ట్యాంకు తీసేసిన ఇల్లు

ఇంగ్లండులో, కోవెంట్రీలో మేము కొనుక్కున్నది పాత ఇల్లు. రెండు పక్కలా పొరుగువాళ్ళ గోడలు కలిసిపోయిన వరుస ఇళ్ళలో ఒకటి. మేడ మీద బాత్రూము పక్కనున్న అల్మరాలో నా భుజాలంత ఎత్తు రాగి ట్యాంకు ఉండేది. వంటింట్లోని బాయిలర్ ఆ ట్యాంకులో నీళ్ళు కాచేది, గదుల్లో రేడియేటర్లనూ అదే వేడి చేసేది. మా అత్తగారు ఆరు నెలల వీసా మీద నవంబరులో వచ్చారు. ఆవిడ వచ్చిన పది రోజులకి ఆ బాయిలర్ ఆగిపోయింది. చూడటానికి వచ్చిన మెకానిక్ దాని భాగాలు ఇప్పుడు దొరకవని, కొత్తది పెట్టించుకోవాల్సిందేనని చెప్పి వెళ్ళిపోయాడు.

నేను హాస్పిటల్లో నర్సుని. అత్తగారికి మోకాళ్ళు సరిగ్గా వంగవు, బాత్‌టబ్ అంచు దాటి ఒంటరిగా లోపలికి దిగలేరు. బాయిలర్ ఆగేదాకా రోజూ టబ్బులో ప్లాస్టిక్ స్టూలు వేసి, నడుం చుట్టూ చెయ్యి వేసి దించి, నేనే స్నానం చేయించేదాన్ని. మగ్గుతో వీపు మీద వేడినీళ్ళు పోస్తుంటే ఆవిడ కళ్ళు మూసుకుని, "ప్రాణం లేచొచ్చిందే అమ్మాయ్" అనేవారు. పెళ్ళి మాటలప్పుడు నన్ను వద్దన్న మనిషి ఆవిడ. పదిహేనేళ్ళలో మా మధ్య లేని చనువు ఆ పది రోజుల్లో ఆ టబ్బు దగ్గర ఏర్పడింది.

కొత్త బాయిలర్ గురించి మాట్లాడటానికి మొదట వచ్చింది అరవై దాటిన తెల్లాయన. వార్డులో నాతో పనిచేసే ఒకావిడ చెబితే పిలిచాను. గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు. ఇంట్లో ఎంతమంది, ఎవరెప్పుడు స్నానం చేస్తారు అని నన్నడిగాడు. మేడెక్కి ట్యాంకు చూశాడు. తర్వాత వంటింటి కుళాయి కింద గీతలున్న జగ్గు పెట్టి, వాచీ చూసుకుంటూ నీళ్ళు పట్టాడు. రెండోసారి మళ్ళీ పట్టాడు.

"మీకూ పక్కింటికీ రోడ్డు కింద నుంచి ఒకటే పైపు, అదీ సన్నది. ఇప్పుడందరూ కాంబీ అడుగుతారు. దానికి ట్యాంకు ఉండదు, కుళాయి తిప్పగానే వచ్చే నీళ్ళని అప్పటికప్పుడు కాచి ఇస్తుంది. మంచి మిషనే. కానీ అది నీళ్ళని కాచగలదు గానీ పెంచలేదు. మీకొచ్చే ధార చాలదు. ఈ ట్యాంకు ఉంచుకోండి, దీనికి సరిపోయే బాయిలర్ వేస్తాను" అన్నాడు.

నాకు అది సరిగ్గా అర్థమైంది. తారీఖు కూడా అనుకున్నాం.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద అంకుల్ మా ఇంటికి వచ్చారు. మా ఆయన చదువుకోవడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో నాలుగు నెలలు వాళ్ళింట్లోనే ఉన్నాడు. అంకుల్ వెంట ఆయన బావమరిది కూడా వచ్చాడు. అతను బాయిలర్లు బిగిస్తాడు. వంటింట్లోకి తొంగిచూసి, టీ కప్పు తీసుకుని సోఫాలో కూర్చున్నాడు.

"కాంబీ వేసేద్దాం. ఈ రోజుల్లో ట్యాంకు ఎవరు పెట్టుకుంటున్నారమ్మా?" అన్నారు అంకుల్.

"నీళ్ళ ధార చాలదంట అంకుల్. ఆయన కొలిచి చూశాడు."

"మనవాళ్ళు కనబడితే తెల్లోళ్ళు ఇట్టాంటివే చెప్తారమ్మా." అందరూ నవ్వారు.

"పోనీ వీరు కూడా ఒకసారి కొలవచ్చు కదా? పైకెళ్ళి ట్యాంకైనా చూస్తే బాగుంటుంది."

బావమరిది కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. మా ఆయన నవ్వు మొహంతో నా వైపు తిరిగి, "నీకు పేషెంట్ల సంగతి తెలుసు. బాయిలర్ల సంగతి మాకొదిలెయ్" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన్ని అడిగాను. "ఆయన మాట ఎట్లా కాదంటాను? నాలుగు నెలలు అన్నం పెట్టాడు నాకు" అన్నాడు.

"అన్నం పెడితే మీరూ పిలిచి అన్నం పెట్టండి. ఆ రుణం మీ అమ్మ స్నానంతో తీరుస్తారా?"

ఆ మాటకి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "ఆ ముసలాయన్ని పిలిచింది నువ్వే, వద్దని కూడా నువ్వే చెప్పు" అన్నాడు. ఫోన్ చేశాను. ఆయన కోప్పడలేదు. "ట్యాంకు కోసేముందు ఒక్కసారి ధార కొలవమని చెప్పండి, కోశాక మళ్ళీ పెట్టడం కష్టం" అన్నాడు. ఆ మాట మా ఆయనకి చేరవేశాను. తలూపాడు.

బిగించిన రోజు నాకు పొద్దుటి నుంచి డ్యూటీ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గదులన్నీ వెచ్చగా ఉన్నాయి. మేడెక్కి చూస్తే అల్మరా ఖాళీ. ట్యాంకుని రెండు ముక్కలుగా కోసి వ్యాన్‌లో వేసుకుపోయారట. మా ఆయన ఆ ఖాళీలో సూట్‌కేసులు సర్దుతున్నాడు. "చూడు, ఎంత చోటు కలిసొచ్చిందో" అన్నాడు.

"ధార కొలిచారా?"

"అబ్బా, నీళ్ళొస్తున్నాయిగా!"

మర్నాడు పొద్దున్న అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టి కుళాయి తిప్పాను. నీళ్ళు వేడిగానే వచ్చాయి, కానీ నా చిటికెన వేలంత సన్నగా. మగ్గు నిండేలోపు ఆవిడ వీపు ఆరిపోతోంది. అంతలో కింద మా ఆయన కెటిల్ నింపుకున్నాడో, పక్కింటివాళ్ళు కుళాయి తిప్పారో, ధార ఇంకా సన్నబడి బాయిలర్ ఆగిపోయింది. నేను చూసుకోకుండా పోసిన మగ్గులో సగం చన్నీళ్ళు.

"అమ్మో! చంపుతావా ఏందే!" అని అరిచి ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. గోళ్ళు దిగాయి. సబ్బు నురగతోనే తువ్వాలు చుట్టి బయటికి తీసుకొచ్చాను.

తర్వాత కెటిళ్ళలో నీళ్ళు కాచి మేడ మీదికి మోశాను. ఒక్క స్నానానికి ఆరేడుసార్లు మెట్లెక్కడం, దిగడం. ఆవిడ తడి ఒంటితో వణుకుతూ కూర్చునేవారు. వారం గడిచాక ఆవిడే, "వద్దులేమ్మా, తడిగుడ్డతో తుడిచెయ్యి" అన్నారు. వార్డులో మంచం దిగలేని వాళ్ళని రోజంతా తుడిచి, ఇంటికొచ్చి నడవగలిగిన మనిషిని కూడా అలాగే తుడిచాను.

అంకుల్ బావమరిది ఒకసారి వచ్చి, ఏదో మీట తిప్పి, బాయిలర్‌లో తప్పేమీ లేదన్నాడు. అది నిజమే. అంకుల్ ఫోన్లో, "అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పకూడదమ్మా. వాడుకోవడం నేర్చుకోవాలి" అన్నారు. నేను సిగ్గు విడిచి తెల్లాయనకి మళ్ళీ ఫోన్ చేశాను. ట్యాంకు తిరిగి పెట్టాలంటే పైపులన్నీ మార్చాలి, లేదా రోడ్డు తవ్వించి మా ఇంటికి వేరే పెద్ద పైపు వేయించుకోవాలి అన్నాడు. మా ఆయనకి చెప్పాను.

"ఇప్పుడంత తొందరేముంది? అమ్మ ఏప్రిల్లో వెళ్ళిపోతుందిగా" అన్నాడు.

నేను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

జనవరిలో మా ఆడపడుచు లండన్ పక్కనున్న ఇల్ఫర్డ్ నుంచి వచ్చి వాళ్ళమ్మని తీసుకెళ్ళింది. నెల తర్వాత వాళ్ళింట్లో కృతజ్ఞత కూటానికి మేమూ వెళ్ళాం. భోజనాల దగ్గర నేనంతకుముందు ఒకటి రెండుసార్లు మాత్రమే చూసిన ఒక ఆంటీ నా పక్కకొచ్చి, అందరికీ వినబడేలా అడిగింది.

"నర్సువి కదమ్మా, పరాయివాళ్ళకి చేస్తావు. ఇంట్లో పెద్దావిడకి నాలుగు చెంబుల వేడినీళ్ళు పొయ్యలేకపోయావా?"

ఆడపడుచు తల దించుకుని అన్నం కలుపుకుంటోంది. మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆ ఒక్క నిమిషం ఆయన నోరు తెరిస్తే మిగతాదంతా మర్చిపోయేదాన్ని. నిజంగానే తెరిచాడు.

"ఆమెకి షిఫ్టులు ఆంటీ. టైం ఉండదు" అన్నాడు.

"టైం లేక కాదు. నీళ్ళు రాక. ఆ బాయిలర్ వద్దని నేను చెప్పాను, వేయించింది ఈయన. అత్తయ్యకి తెలుసు, అడగండి" అన్నాను.

అందరూ అత్తగారి వైపు తిరిగారు. ఆవిడ నన్నే చూశారు. నా చెయ్యి పట్టుకుని టబ్బులోకి దిగినప్పటి చూపు కాదది.

"మగాళ్ళు ఏది తెచ్చిపెడితే దాంతోనే సర్దుకుపోవాలమ్మా. నేను సర్దుకోలేదా?" అన్నారు.

ఆంటీ నా భుజం తట్టి పెరుగు తీసుకురావడానికి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు కార్లో మా ఆయన ఒక్కటే అన్నాడు: "అందరి ముందూ అట్టా అనాల్సింది కాదు."

ఏప్రిల్లో అత్తగారు ఇల్ఫర్డ్ నుంచే ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయారు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. సెలవు పెట్టలేక కాదు, పెట్టలేదు.

వేసవిలో పైపు ఖర్చు కోసం హాస్పిటల్లో అదనపు షిఫ్టులు అడిగి తీసుకున్నాను. నీళ్ళ కంపెనీకి దరఖాస్తు రాసింది, రోడ్డు తవ్వే రోజున ఇంట్లో ఉన్నదీ నేనే. ఇప్పుడు మాకు విడిగా పెద్ద పైపు ఉంది. నీళ్ళు ధారగా, వేడిగా వస్తాయి. ఎవరైనా ఇంటికొస్తే మా ఆయన కుళాయి తిప్పి చూపించి, "కాంబీనే మంచిదండీ, నేనప్పుడే చెప్పాను" అంటాడు. నేను అక్కడే ఉండి టీ పెడుతుంటాను.

పొద్దున్న డ్యూటీకి ముందు స్నానం మాత్రం తొందరగా ముగిస్తాను. అన్ని నీళ్ళ కింద ఎక్కువసేపు నిలబడబుద్ధి కాదు.